బార్నీ తల తిప్పిన మలుపు

కార్క్ ఆస్పత్రి, ఆరో వార్డు
మంగళవారం, 4 మే 1976

వదినా,

కాలు పైకి కట్టి, దానికి బరువులు వేలాడదీసి నన్ను వెల్లకిలా పడుకోబెట్టారు. తుంటి ఎముక అతకడానికి ఇంకా ఆరేడు వారాలు పడుతుందట. పడుకునే రాస్తున్నాను కాబట్టి అక్షరాలు కిందికి జారితే నన్ను అనకు, పెన్నుని అను.

ఆ రోజు ట్రాక్ దగ్గర ఏం జరిగిందో మన పొరుగు బ్యాటీ హికీ తనకి తోచినట్టు చెప్పే ఉంటాడు. అసలు సంగతి ఇది. బార్నీ పరిగెత్తిన మొదటి కుక్కల పందెం అది, మూడో మలుపు దాకా రెండో స్థానంలో ఉన్నాడు. అక్కడ తల పక్కకి తిప్పాడు, బయటివైపు పరిగెత్తే కుక్కకి భుజం తగిలింది, రెండూ తూలాయి. అంతే. దానికి పందేల మీద తీర్పు చెప్పే ఆ స్టివార్డ్ క్రెమిన్, ఆవుకీ గాడిదకీ తేడా తెలియని మనిషి, "కావాలనే పక్క కుక్క మీదికి వెళ్ళాడు" అని రాసేసి వాడిని పందేల నుంచి పక్కన పెట్టాడు. ఆయన సంగతి తేల్చుకుందామని పై గదికి వెళ్తే లేడు, వెతుకుతూ గబగబా మెట్లు దిగాను. చివరి రెండు మెట్లు నాకు తెలియకుండానే దిగాను.

ఇప్పుడు వాడు మళ్ళీ పందేల్లోకి రావాలంటే క్లియరెన్స్ పరుగులు రెండు పూర్తిచెయ్యాలి. అంటే స్టివార్డ్ చూస్తుండగా, వేరే మూడు కుక్కలతో కలిసి, ఎవరి జోలికీ పోకుండా బొమ్మ కుందేలు వెనక పరిగెత్తాలి. మళ్ళీ ఒక్కసారి పక్క కుక్క మీద పడ్డాడా, దేశంలో ఏ ట్రాక్‌లోనూ అడుగు పెట్టనివ్వరు. నాకు అరవై ఎనిమిది. బార్నీ తర్వాత ఇంకో కుక్కపిల్లని పెంచి పందెంలోకి దించే ఓపిక నాకు లేదు. వాడే ఆఖరు.

మొదటి పరుగు మే ఇరవై, గురువారం పొద్దున. నువ్వే తీసుకెళ్ళాలి. రోజూ నాలుగు మైళ్ళు గట్టి రోడ్డు మీద నడిపించు. నిన్నటి గోధుమ రొట్టె గొర్రె తలకాయ పులుసులో నానబెట్టి పెట్టు. నీ కేకులు పెట్టకు.

కాన్

*

క్లోనరీ
ఆదివారం, 9 మే

మరిది కార్నీలియస్ లేసీ గారికి,

నలభై ఏళ్ళుగా ఒకే కప్పు కింద ఉన్నాం. నువ్వు నాకు రాసిన మొదటి ఉత్తరం ఇది. మూడుసార్లు చదివాను, నేనెలా ఉన్నానో అడిగావేమోనని. నేను బాగానే ఉన్నాను, అడిగినందుకు సంతోషం.

నీ కుక్కని నడిపిస్తున్నాను. డెబ్బై ఒకటో ఏట, మోకాళ్ళు అరిగిపోతుంటే, రోజూ నాలుగు మైళ్ళు! పాలకేంద్రం దగ్గర ఆడవాళ్ళు నిన్న అడిగారు, "నోనీ, ఎవరు ఎవర్ని నడిపిస్తున్నారే?" అని. "ఇంకా తేల్లేదు" అన్నాను. బార్నీ బుద్ధిగానే ఉన్నాడు కానీ పొద్దున్నే నీ గది తలుపు ముందు కూర్చుంటున్నాడు. లోపల నువ్వు లేవని తలుపు తీసి చూపించాను. చూశాడు. మళ్ళీ కూర్చున్నాడు.

వాళ్ళ అమ్మ చచ్చిపోయినప్పుడు ఏడు వారాలు వంటింట్లో పొయ్యి పక్కన పెట్టుకుని మనిద్దరం వంతులేసుకుని సీసా పాలు పట్టాం కదా, ఆ రోజులు గుర్తొస్తున్నాయి. మీ అన్నయ్య బతికుంటే "మీ ఇద్దరికీ పుట్టకపుట్టక పుట్టాడే" అని ఏడిపించేవాడు.

నాకు ఒకటే భయం కాన్. వాడికి ఫ్లోరా గతి పట్టకూడదు. పద్ధెనిమిదేళ్ళ కింద నీ ఆ ఆడకుక్కని కూడా ఇలాగే పక్కన పెట్టారు, రెండోసారి అదే తప్పు చేసిందని బయటికి పంపేశారు. నువ్వు నెల్లాళ్ళు ఇంట్లో ఎవరితోనూ మాట్లాడలేదు. అందుకే నువ్వు చెప్పినట్టే అంతా చేస్తాను, ఒక్క అక్షరం తప్పకుండా.

నోనీ

*

కార్క్
శుక్రవారం, 14 మే

వదినా,

నువ్వెలా ఉన్నావు? చూశావా, అడిగాను.

నిన్న బ్యాటీ చూడటానికి వచ్చాడు. ద్రాక్షపళ్ళు తెచ్చాడు, ఆయనే తిన్నాడు. బార్నీ మా అన్నయ్య కుర్చీలో పడుకుంటున్నాడని చెప్పాడు. వదినా, వాడు పందెపు కుక్క. మెత్తటి కుర్చీలో పడుకుంటే కండరాలు బద్ధకిస్తాయి. దింపెయ్యి. ఇంకో మాట, ముందు కాలి గోరు చీలిందట కదా. గోళ్ళకి అయోడిన్ రాయి, చీము పట్టకుండా ఉంటుంది.

అసలు ముఖ్యమైనది ఇప్పుడు చెప్తాను. పరుగు రోజున ఎక్కడపడితే అక్కడ నిలబడకు. మూడో మలుపు దగ్గర కంచె ఆనుకుని నిలబడు. నేనెప్పుడూ నిలబడేది అక్కడే. కుక్కలు అక్కడికొచ్చేసరికి అలిసిపోతాయి, మనసు చెదురుతుంది. అప్పుడు గొంతెత్తి పేరు పెట్టి పిలవాలి, "బార్నీ, నా తండ్రీ!" అని. సొంత మనిషి గొంతు వింటే కుక్కకి ఎక్కడలేని బలం వస్తుంది. మా నాన్న నాకు నేర్పింది అదొక్కటే, ముప్ఫై ఏళ్ళుగా ఏ పందెంలోనూ మానలేదు. సిగ్గుపడకుండా అరిచెయ్యి.

పక్క మంచం మీద ఒక రిటైర్డ్ బడి మాస్టారు ఉన్నాడు. నా ఉత్తరాల్లో తప్పులు దిద్దుతానంటాడు. ఈ ఉత్తరం ఆయనకి చూపించలేదు.

కాన్

*

క్లోనరీ
గురువారం, 20 మే, సాయంత్రం

కాన్,

కూర్చుని ఉంటే పడుకో. పడుకునే ఉన్నావు కదా, సరే.

బార్నీని పరుగెత్తనివ్వలేదు. తప్పు నాదే, కొంచెం నీది. గోళ్ళకి అయోడిన్ రాయమన్నావు. ఏ గోరుకో నువ్వు చెప్పలేదు. ఒకటి మానేస్తే నువ్వు తిడతావని అన్నిటికీ రాశాను, రెండు పూతలు, అందంగా. అక్కడ క్రెమిన్ వాడి గుర్తింపు పుస్తకం తెరిచి ఒక్కో పాదం ఎత్తి చూశాడు. చెవిలో పచ్చబొట్టు సరిపోయింది. ఒంటి చారలు సరిపోయాయి. పుస్తకంలో "కుడి ముందు కాలు, మూడో గోరు తెలుపు" అని ఉంది. మన వాడికి పద్ధెనిమిది గోళ్ళూ గోధుమ రంగు!

"అమ్మా, ఇది ఆ కుక్కేనని నాకూ తెలుసు. కానీ పుస్తకం ఒప్పుకోవట్లేదు" అన్నాడు. ఉమ్మి పెట్టి తుడిచాను. లంగా అంచుతో రుద్దాను. ఫాదర్ హాన్లీ తన ఫ్లాస్కులోంచి కాస్త విస్కీ కూడా పోశాడు. ఆయన కుక్క కూడా క్లియరెన్స్‌కే వచ్చింది, పాపం చాలాకాలం కాలు బెణికి ఇంట్లో ఉంది. గోరు మాత్రం తెల్లబడలేదు. వచ్చే గురువారం రమ్మన్నారు.

దారి పొడుగునా వ్యాన్‌లో బ్యాటీ నవ్వుతూనే ఉన్నాడు. నేను ఏడవడం చూసి ఆపాడు. బార్నీని కుర్చీలోంచి దింపాను. మళ్ళీ ఎక్కాడు.

నోనీ

*

కార్క్
ఆదివారం, 23 మే

నోనీ వదినా,

నీకు రాసిన మొదటి ఉత్తరం చించేశాను. రెండోది మాస్టారు చించేశాడు, "ఆడమనిషికి ఇలాంటివి రాస్తారటయ్యా?" అని. ఇది మూడోది.

ఏడవకు. చీలిన గోరుకి అని రాయాల్సింది, గోళ్ళకి అని రాశాను. నేను లేకుండా ఆ జనంలో ఒక్కదానివే నిలబడ్డావంటే అదే గొప్ప. నిమ్మకాయ రసం రుద్దు, పోతుంది. మూడో మలుపు దగ్గర పిలవడం మాత్రం మర్చిపోకు. మిగిలినవన్నీ మర్చిపోయినా ఫర్వాలేదు.

కాన్

*

క్లోనరీ
గురువారం, 27 మే

కాన్,

పాసయ్యాడు! మొదటి పరుగు పాసయ్యాడు!

గోరు తెల్లగా ఉంది, క్రెమిన్ చూసి టోపీ తీసి నాకు దణ్ణం పెట్టాడు. నాలుగు కుక్కలు. బార్నీ రెండో పెట్టెలోంచి బయటికి దూకి, మొదటి మలుపు, రెండు, మూడు, కంచు బొమ్మలా ఎక్కడా తల కదపలేదు. ఫాదర్ హాన్లీ కుక్క పక్కనే భుజానికి భుజం తగిలేంత దగ్గరగా వచ్చినా దాని వంక చూడలేదు. రెండోవాడిగా వచ్చాడు. ఇంకొక్కటి పాసైతే చాలు, వచ్చే గురువారమే.

నువ్వు చెప్పినట్టే మూడో మలుపు దగ్గర నిలబడి అరిచాను. గొంతు బొంగురుపోయింది.

ఇక్కడ ఎండలు విపరీతంగా ఉన్నాయి. గడ్డి అప్పుడే కోతకొచ్చింది. బ్యాటీ కొడుకులు కోసిపెడతామన్నారు.

నోనీ

*

కార్క్
సోమవారం, 31 మే

మా బంగారు వదినకి,

నీ ఉత్తరం వార్డులో అందరికీ చదివి వినిపించాను. నర్సమ్మ రెండుసార్లు విన్నది. "చూశారా, గొంతు! గొంతులో ఉంది అంతా!" అని చెప్పాను. మాస్టారు, "ఆ క్రెమిన్ మరి మీ కుక్కని ఎందుకు పక్కన పెట్టాడు?" అన్నాడు. ఆ రోజు నాకు జలుబు చేసి గొంతు సరిగా పలకలేదు, అదే కారణమయ్యుంటుంది. ఇప్పుడు నీ గొంతు విని కుదురుకున్నాడు. నువ్వు ఇన్నాళ్ళూ నా వెంట ట్రాక్‌కి రాకుండా వంటింట్లో ఉండి ఎంత నష్టం చేశావో చూడు.

డాక్టరు పంతొమ్మిదిన ఇంటికి పంపుతానన్నాడు. వాడు రెండో పరుగు కూడా పాసైతే, పందెం ఇరవై ఆరున ఉంటుంది. బ్యాటీతో మాట్లాడాను. చక్రాల కుర్చీలో మూడో మలుపు దాకా తోసుకెళ్తాడు. ఈసారి ఇద్దరం కలిసి పిలుద్దాం. రెండు గొంతులు వింటే వాడు ఎగిరిపోతాడు. రాత్రిళ్ళు నిద్రపట్టకపోతే ఆ పందేన్నే కళ్ళ ముందు పరిగెత్తిస్తున్నాను. నాకిప్పుడు బతకాలని ఉంది వదినా. నిజం చెప్పాలంటే నెలక్రితం లేదు.

నీ మరిది
కాన్

*

క్లోనరీ
శుక్రవారం, 4 జూన్

కాన్,

ఈ ఉత్తరం నిన్ననే రాయాలి. చేతులు రాలేదు. ముందు ఒక మాట: వాడికేమీ కాలేదు, ఎవరినీ తాకలేదు, ఇంకా దారి ఉంది. అది గుర్తుపెట్టుకుని మిగతాది చదువు.

పోయిన వారం నీకు అబద్ధం రాశాను. నేను మూడో మలుపు దగ్గర నిలబడలేదు. ఫాదర్ హాన్లీ పక్కనే ఉంటే, ఆయన ముందు "నా తండ్రీ" అని కుక్కని పిలవడానికి సిగ్గేసి టీ కొట్టు వెనక నిలబడ్డాను. నోరు తెరవలేదు. నువ్వు సంతోషపడతావని అరిచానని రాశాను. నువ్వు అది వార్డంతా చదివి వినిపించావని తెలిసింది. ఆ పాపం కడుక్కుందామని నిన్న నిజంగానే వెళ్ళి నువ్వు నిలబడేచోటే నిలబడ్డాను. కుక్కలు మలుపు తిరగగానే గొంతు చించుకుని పిలిచాను. "బార్నీ, నా తండ్రీ!"

వాడు తల తిప్పాడు, కాన్.

నా వైపే తిప్పాడు. అంత వేగంలో కూడా నన్నే వెతికాడు. కళ్ళల్లో కళ్ళు పెట్టి చూశాడు. నా వైపుకే జరిగాడు. బయటివైపు కుక్క అదృష్టం కొద్దీ ఒక మూర ముందుకి పోయింది కాబట్టి తగల్లేదు. లేకపోతే అంతా అక్కడే అయిపోయేది.

క్రెమిన్ ట్రాక్ అడ్డంగా దాటి నా దగ్గరికొచ్చాడు. నేను ఇంకా కంచె పట్టుకునే ఉన్నాను.

"మిసెస్ లేసీ, ఆ రోజు కాన్ ఎక్కడ నిలబడ్డాడు?"

"ఇక్కడేనండీ."

"ఏం చేశాడు?"

"ఇప్పుడు నేను చేసిందే."

ఆయన వెనక్కి తిరిగి మలుపు వైపు చూశాడు. తర్వాత, "నేను కుక్కనే చూశానమ్మా. కంచె ఇవతల మనిషిని చూడలేదు. అది నా తప్పే" అన్నాడు. ఈ పరుగు లెక్కలోకి తీసుకోనన్నాడు. పదో తారీఖున మళ్ళీ రమ్మన్నాడు. "మీరు మాత్రం టీ కొట్టు దగ్గరే ఉండండి, నోటి నిండా బన్ను కుక్కుకుని" అన్నాడు. ఆయన నువ్వనుకున్నంత చెడ్డవాడు కాదు.

వాడు పక్క కుక్కతో పోట్లాడటానికి తల తిప్పలేదు కాన్. సీసా పాలు పట్టిన వాళ్ళు పిలుస్తున్నారని తిప్పాడు. ఎప్పుడూ అంతే. ఈ మాట నీకు నేను చెప్పాల్సి రావడం నాకు ఇష్టం లేదు. కానీ నువ్వు ఇరవై ఆరున కుర్చీలో అక్కడికెళ్ళి పిలుస్తానంటున్నావే, ఇంకెవరు చెప్తారు?

నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు. ఉత్తరం రాయకుండా మాత్రం ఉండకు.

నోనీ

*

కార్క్
సోమవారం, 7 జూన్

వదినా,

నిన్ను ఎందుకు తిడతాను.

రెండు రోజులుగా ఒక్కటే ఆలోచిస్తున్నాను. ఫ్లోరా కూడా మూడో మలుపు దగ్గరే తల తిప్పేది. రెండుసార్లూ అక్కడే. నేను ఆ స్టివార్డుని తిట్టాను, ఫ్లోరాని తిట్టాను, దానికి పొగరని ఊరంతా చెప్పాను. వెక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన ఎవరికో ఇచ్చేసి, దాన్ని ఏం చేశారో ఒక్కసారి కూడా అడగలేదు. దాన్నీ నేనే పిలిచాను వదినా. రెండుసార్లూ నేనే. పిలిచినందుకు పలికింది, దానికి అంత శిక్ష వేయించాను.

మాస్టారు ఏమైందయ్యా అని అడిగితే కాలు నొప్పన్నాను.

పదో తారీఖున నువ్వు టీ కొట్టు దగ్గరే ఉండు. బన్ను నిజంగానే తిను. క్రెమిన్‌తో కాన్ లేసీ క్షమించమన్నాడని చెప్పు. నేనే చెప్పాలి, కానీ మెట్లు దిగాలంటే ఇప్పుడు భయం.

కాన్

*

క్లోనరీ
గురువారం, 10 జూన్

కాన్,

అయిపోయింది. రెండూ పాస్. క్రెమిన్ పుస్తకంలో సంతకం పెట్టి ముద్ర వేసి నా చేతికిచ్చాడు. ఇక బార్నీ ఎవరితోనైనా పందెంలో దిగవచ్చు. ఈసారి మొదటివాడిగా వచ్చాడు, మిగతావాటికంటే రెండు బారల ముందు. నేను బన్ను నమిలాను, మింగడం మర్చిపోయాను. అందుకే ఫాదర్ హాన్లీ అభినందిస్తే బదులు చెప్పలేకపోయాను. ఆయన కుక్కా పాసయ్యింది.

నీ క్షమాపణ చెప్పాను. క్రెమిన్ నీకొక మాట చెప్పమన్నాడు: "పదిహేడేళ్ళ ఉద్యోగంలో యజమాని గొంతు వినబడితే కుందేల్ని వదిలేసే కుక్కని చూడలేదు. అలాంటిదొకటి నాకుంటే నేను దాన్ని పందేనికే తీసుకురాను" అన్నాడు.

ఇక ఫ్లోరా మాట. ఇన్నాళ్ళూ నీకొక సంగతి చెప్పలేదు. ఆ వెక్స్‌ఫర్డ్ ఆయన భార్య ఎప్పుడో ఒకసారి మీ అన్నయ్యకి ఉత్తరం రాసింది. ఫ్లోరాని పందేలకి పెట్టలేదట. వాళ్ళ పిల్లలతో పొలంలో తిరుగుతూ పన్నెండేళ్ళు బతికిందట. నీ ముందు దాని పేరెత్తితే లేచి వెళ్ళిపోయేవాడివి కాబట్టి మీ అన్నయ్య చెప్పలేదు, తర్వాత నేనూ చెప్పలేదు. తప్పే. అప్పుడే చెప్పి ఉంటే ఇన్నేళ్ళు లోపల మోసేవాడివి కాదు.

ఇరవై ఆరున రా. నిన్ను ఆపే హక్కు నాకు లేదు. కంచె దగ్గరికి వద్దు, పైన జనంలో కూర్చుందువుగాని. నోరు మూసుకుని ఉండగలవా?

నోనీ

*

కార్క్
సోమవారం, 14 జూన్

వదినా,

ఫ్లోరా సంగతి చదివి దుప్పటి ముఖం మీదికి లాక్కున్నాను. ఆరోగ్యం బాగాలేదేమోనని నర్సమ్మ ఉష్ణోగ్రత చూసింది. బాగానే ఉంది. చాలా బాగా ఉంది. నువ్వూ అన్నయ్యా ఇద్దరూ మొండివాళ్ళే, ఇంటికొచ్చాక దీనిమీద పోట్లాడతాను.

నువ్వడిగిన దానికి జవాబు. నిన్న రేడియోలో హర్లింగ్ మ్యాచ్ వస్తుంటే నన్ను నేను పరీక్షించుకున్నాను. మాస్టారు గడియారం పట్టుకుని కూర్చున్నాడు. నోరు మూసుకుని ఎంతసేపు ఉండగలనో చూద్దామని. నాలుగు నిమిషాలు. అదీ నాకు పేరైనా తెలియని కుర్రాడెవడో కొట్టిన గోలుకి. బార్నీ పరిగెత్తుతుంటే నాలుగు క్షణాలు కూడా ఆగలేను, ఎంత దూరంలో కూర్చోబెట్టినా.

కాబట్టి ఇరవై ఆరున నేను రాను. బ్యాటీకి కూడా రాశాను, కుర్చీ వద్దని. ఇది నాకు తేలిగ్గా లేదు వదినా. ముప్ఫై ఏళ్ళలో నా కుక్క పరిగెత్తుతుంటే నేను అక్కడ లేని పందెం ఒక్కటీ లేదు. కానీ వాడు ఆఖరివాడు. వాడికి నా వల్ల ఆ శిక్ష పడకూడదు. నువ్వు వెళ్ళు. ఇన్నాళ్ళూ నేను చూసింది నువ్వు చూడు. నిన్ను అడగకుండా వంటింట్లో వదిలేసి పోయిన ప్రతి పందేనికీ కలిపి చూడు.

పందెం అయ్యాక వాడిని వ్యాన్‌లోంచి దింపేటప్పుడు తాడు వదిలెయ్యి. ఇంటి గేటు దగ్గర నేనుంటాను. పేరు పెట్టి పిలుస్తాను. ఎంత గట్టిగా పిలవాలనుకుంటే అంత గట్టిగా. తల తిప్పాలనుకుంటే అక్కడ తిప్పనీ.

గెలిచాడో ఓడాడో తర్వాత చెప్దువుగాని.

కాన్